బావి అడుగున సున్నా లేదు

శనివారం పొద్దున అత్తయ్య మెట్లెక్కి వచ్చి తన పనిముట్ల సంచీని నా వంటింటి బల్ల మీద పెట్టింది.

"ఇక ఇది నీ దగ్గరే ఉండనీ. నేర్చుకునేవాళ్లు ఎవరైనా కనబడితే ఇచ్చెయ్" అంది, మిగిలిన కూర పక్కింటికి పంపమన్నంత తేలిగ్గా. నాకు ఒళ్లు మండింది.

మా అత్తయ్య, అంటే మా నాన్న చెల్లెలు, పియానోలు శ్రుతి చేస్తుంది. నేనుండే ఇంట్లోనే కింది వాటాలో ఉంటుంది. సంగీతం స్కూల్లో ఉన్న పియానోలన్నీ ఆవిడ చేతి కిందివే. ఆ సంచీలో తీగలు బిగించే కీ, తీగల మధ్య దూర్చే రబ్బరు ముక్కలు, మోగించి శ్రుతి సరిచూసుకునే శ్రుతిదండం ఉంటాయి. చిన్నప్పుడు దాన్ని ముట్టుకుంటే నా వీపు విమానం మోతే. అలాంటి సంచీని చేతులారా తెచ్చి నా కాఫీ కప్పు పక్కన పెట్టింది.

"ఏమైందత్తయ్యా?"

"చెవి పోయిందే" అని మడతపెట్టిన కాగితం ఒకటి తీసి ఇచ్చింది.

స్కూలువాళ్లు అందరికీ వినికిడి పరీక్ష చేయిస్తున్నారని తనూ నిన్న వెళ్లిందట. ఆ చార్టు ఇది. ఎడమ చెవికి నీలం గీత, దాని మీద ఇంటూ గుర్తులు. కుడి చెవికి ఎర్ర గీత, దాని మీద సున్నాలు. పరీక్షించిన ప్రతి స్వరానికీ ఒక గుర్తు. ఈ చార్టులో తిరకాసు ఏమిటంటే, అంకెలు పైనుంచి కిందికి పెరుగుతాయి. గీత ఎంత కిందికి దిగితే ఆ చెవికి అంత గట్టిగా వినిపించాలన్నమాట. ఎర్ర గీత బుద్ధిగా పైపైనే నడుస్తూ వచ్చి, ఒకచోట ధబేలున చార్టు అడుగుకి పడిపోయి, మళ్లీ పైకి లేచింది.

"పొరపాటు జరిగి ఉంటుంది. ఇంకోసారి చేయించుకుందాం" అన్నాను.

"పొరపాటేం కాదు. కుడి చెవికి చేస్తున్నప్పుడు ఒకచోట నిజంగానే ఏమీ వినపడలేదు. చెవులు రిక్కించుకుని కూర్చున్నానే, చీమ చిటుక్కుమన్న చప్పుడైనా లేదు. కాగితం ఉన్నమాటే చెప్పింది. మళ్లీ వెళ్లి అదే మాట ఇంకోసారి అనిపించుకోవాలా?"

"అయితే?"

"సోమవారం స్కూలుకెళ్లి ఇక రానని చెప్పేస్తా. సగం చెవితో నేను తీగలు బిగిస్తే ఆ పిల్లలు తప్పు శ్రుతిలో నేర్చుకుంటారు. ఆ పాపం నాకొద్దు తల్లీ."

గొంతు వణకలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది. పూలకుండీ ఎండిపోయినా ఊరంతా వినిపించేలా గోల చేసే మనిషి, ఇంత పెద్ద మాట చెప్పి నెమ్మదిగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

నా పని గురించి ఇక్కడ కాస్త చెప్పాలి. గ్రాఫులు గీసే ఒక లైబ్రరీని నేను చూసుకుంటాను. పుస్తకాల లైబ్రరీ కాదు. ఇతరులు తమ ప్రోగ్రాముల్లో పెట్టుకుని వాడుకునే కోడ్ మూట. ఓపెన్ సోర్స్ కాబట్టి ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగు చేయొచ్చు. వాడుకునేవాళ్లు చాలామంది, బాగు చేసేవాళ్లు ఇద్దరం, తిట్టేవాళ్లు అందరూ.

సంచీ వంక చూడలేక కాగితం వంకే చూస్తూ కూర్చున్నాను. చూడగా చూడగా ఎక్కడో చూసిన ముఖంలా అనిపించింది. అంకెల పక్కన ఆ పొట్టి గీతలు, గుండ్రంగా తిరిగిన మూలలు, పైఅంచు లేని చట్రం. కన్నతల్లికి బిడ్డ నడక తెలియదా! ఇది మా లైబ్రరీ గీసిన బొమ్మే. ముందు మురిసిపోయాను. మరుక్షణం, ఇందులో తప్పుంటే అది మాదే కావచ్చని తట్టింది.

కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఎర్ర గీత పొడుగునా సున్నాలున్నాయి. పడిపోయిన చోట, అట్టడుగున, సున్నా లేదు. గీత వెళ్లి చట్రం అంచుకి సరిగ్గా అంటుకుని ఆగింది. పరీక్ష చేసి ఉంటే అక్కడో గుర్తు ఉండాలి. గుర్తు లేదంటే అక్కడ లెక్కే లేదు.

లెక్క లేనిచోట గీత తెగిపోవాలి. మా లైబ్రరీ మొదటినుంచీ లోకానికి ఇచ్చిన మాట అది. కంప్యూటరు తెరిచి, చార్టులోని విలువలు కళ్లతో చదివి ఎక్కించాను. ఆ ఒక్క స్వరం దగ్గర ఖాళీ వదిలి గీయమన్నాను. గీత బుద్ధిగా తెగింది. అంకెల వరుసను తలకిందులు చేసి మళ్లీ గీయమన్నాను. ధబేల్! అత్తయ్య కాగితంలో ఉన్నట్టే అడుగుకి పడింది.

"దొరికావురా దొంగా!" అని పైకే అరిచాను.

తప్పు వెతకడం మధ్యాహ్నం దాకా పట్టింది. మా కోడ్ ఖాళీ ఉన్నచోట ఒక ఉత్తుత్తి బిందువును చట్రం బయట పెడుతుంది. తర్వాత బయట ఉన్నదంతా కత్తిరించేస్తుంది. అంకెలు తలకిందులైతే బయట అంటే ఎటో దానికి తెలియలేదు. కత్తిరించాల్సిన బిందువును తెచ్చి చట్రం అడుగున నిలబెట్టింది. దిద్దుబాటు కోడ్‌లో ఒకే ఒక్క వరుస. ఇలాంటివాటికి ఎప్పుడూ అంతే, వెతకడం కొండంత, దిద్దడం గోరంత.

దిద్ది టెస్టులు నడిపాను. మా టెస్టులు బొమ్మలతో జరుగుతాయి. కొత్తగా గీసిన బొమ్మను, ఇది సరైనదని దాచుకున్న నమూనా బొమ్మతో చుక్కచుక్కా పోలుస్తాయి. ఇసుమంత తేడా ఉన్నా ఒప్పుకోవు. అన్నీ పాసై పచ్చగా వచ్చాయి, ఒక్కటి తప్ప. ఏదో చూద్దామని తెరిస్తే, మా బావి!

అది మా లైబ్రరీకి ముద్దుబిడ్డ. ఓ పడవవాళ్లు దారి పొడుగునా కొలిచిన నీటి లోతుల గ్రాఫు, ప్రతి కొలతకీ గీత మీద ఒక చుక్క. లోతు కాబట్టి అంకెలు కిందికి పెరుగుతాయి. మధ్యలో ఒకచోట గీత నిట్టనిలువుగా అడుగుకి దిగుతుంది. నీళ్లలో అంత లోతైన గుంట ఉందనుకుని దానికి బావి అని పేరు పెట్టాం. అందంగా ఉందని మా గుర్తుగా పెట్టుకున్నాం. కప్పుల మీద కూడా అచ్చు వేయించాం.

చేతిలో కప్పు చూసుకున్నాను. బావి. అడుగున చుక్క లేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదేనేమో! పొద్దుటినుంచీ దాంట్లోనే కాఫీ తాగుతున్నాను. నవ్వు ఆపుకోలేక బల్ల మీద తల పెట్టేశాను.

మొదట్లో ఆ బొమ్మను మా కోడే గీసింది, అది గీసిందే ఒప్పని నమూనాగా దాచాం. అప్పటినుంచి ఆ టెస్టు తప్పు పోకుండా కాపలా కాస్తూ వచ్చింది. కంచే చేను మేయడం విన్నాం గానీ, చేను మేసిన కంచెకి దండ వేసి కప్పు మీద అచ్చు వేయించుకున్నది మేమే.

నమూనా బొమ్మ మార్చాలంటే మాకో నియమం ఉంది. చూసుకునేవాళ్లం ఇద్దరం కళ్లారా చూసి ఒప్పుకోవాలి. రెండోవాడు తాతయ్య. నాకన్నా చిన్నవాడే, లైబ్రరీ పుట్టించినవాడు కాబట్టి ఆ పేరు పడింది. ఫోన్లో ముఖం కనబడగానే విషయం చెప్పాను.

"బావి జోలికి మాత్రం రాకక్కా" అన్నాడు.

"తప్పురా అది."

"ఇన్నాళ్లూ పాసైన టెస్టు ఇవాళ ఫెయిలైందంటే తప్పు నీ కొత్త వరుసదే. బావిని చూసి మన లైబ్రరీని గుర్తుపట్టేవాళ్లు ఎంతమంది లేరు!"

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనకు. వెళ్లి నీ కప్పు తెచ్చుకో."

సణుక్కుంటూ తెచ్చాడు.

"ప్రతి కొలతకీ ఒక చుక్క ఉందా? బావి అడుగున ఉందా?"

కప్పు వెలుతురుకి పట్టి తిప్పాడు. తర్వాత టకటకా కొట్టి పడవవాళ్ల లెక్కలు తెరిచాడు.

"అక్కా..."

"చెప్పు నాయనా."

"అక్కడ వాళ్లు లోతు కొలవనే లేదు. ఖాళీ."

"మరి ఇన్నేళ్లూ?"

"లేని బావికి కాపలా కాశాం" అన్నాడు. ముఖం చిన్నబోయింది. వాడి మీద కోపమంతా పోయింది నాకు. అత్తయ్య సంగతి చెప్పాను, సంచీ సంగతి కూడా. కాసేపు ముక్కు రుద్దుకున్నాడు.

"ముందే చెప్పొచ్చుగా అక్కా. పూడ్చేద్దాం పద" అని ఒప్పుకున్నట్టు గుర్తు పెట్టేశాడు. "కప్పులు మాత్రం పారేయొద్దు, బుద్ధి వస్తుంది."

సాయంత్రం దిద్దిన కోడ్‌తో అత్తయ్య చార్టును మళ్లీ గీయించి కిందికి పట్టుకెళ్లాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాను. అత్తయ్య చాలాసేపు చూసి, ఎర్ర గీత తెగిన చోట వేలు పెట్టింది.

"ఇక్కడేమైంది?"

"ఏమీ కాలేదు. ఇక్కడ నీ చెవి సంగతి ఆ కాగితానికి తెలియదు. తెలియదని చెప్పకుండా పోయిందని గీసింది. ఆ తప్పు మా కోడ్‌ది."

"అంటే బాగుందనా?"

బాగుందని చెప్పేయాలని నాలుక చివరిదాకా వచ్చింది. "బాగుందనీ కాదు, పోయిందనీ కాదు. తెలియదని" అన్నాను.

"నన్ను ఊరడించడానికి కాదు కదా?"

"ఊరడించేదాన్నైతే గీత అతికించుకొచ్చేదాన్ని అత్తయ్యా. తెగ్గొట్టి ఎందుకు తెస్తాను?"

ఫక్కున నవ్వింది. రోజంతటికీ అదే మొదటి నవ్వు. "సరే, స్కూలుకెళ్లేముందు పరీక్ష చేసినచోటికే పోదాం. చావో రేవో తేల్చుకుని మరీ చెబుతాను వాళ్లకి."

సోమవారం పరీక్ష చేసే అమ్మాయి అత్తయ్యను చూడగానే లేచి నిలబడింది. "అమ్మా, మీరేనా! ఎంత వెతికానో. మీకు కుడి చెవి చేస్తుంటే యంత్రం ఒకచోట మొరాయించింది. ఆ ఒక్క స్వరం వెళ్లనే లేదు. ఖాళీ వదిలేసి, బయట కూర్చోండి మళ్లీ పిలుస్తానన్నాను. ఇటు తిరిగి అటు తిరిగేలోపు ప్రింటరు మీది కాగితం తీసుకుని వెళ్లిపోయారు. ఫోన్ చేస్తే ఎత్తలేదు."

"చెవి పోయిందనుకున్నదాన్ని ఫోనెందుకు ఎత్తుతానమ్మా" అంది అత్తయ్య. తర్వాత ఆ మాట నెమ్మదిగా బుర్రకెక్కింది. "ఉండు, ఉండు. ఆ స్వరం మోగనే లేదా?"

"లేదమ్మా."

"చూశావటే!" అని నా భుజం మీద ఒక్కటి చరిచింది. "మోగలేదు కాబట్టి వినపడలేదు. నా చెవి ఉన్నది ఉన్నట్టే చెప్పింది. కాగితం మాట నమ్మి దాన్నే అనుమానించాను చూడు!"

మళ్లీ పరీక్ష మొదలైంది. వినిపించినప్పుడల్లా మీట నొక్కాలి. గాజుపలక ఇవతల నిలబడి నేను అత్తయ్య బొటనవేలు ఒక్కటే చూశాను. నొక్కింది. ఆగింది. నొక్కింది. ఆ స్వరం వేస్తున్నానని అమ్మాయి నాకు వేలితో సైగ చేసింది. అత్తయ్య కళ్లు మూసుకుంది. బొటనవేలు కదల్లేదు. అమ్మాయి శబ్దం కాస్త పెంచింది. బొటనవేలు నొక్కింది.

నాకు కళ్లనీళ్లు వచ్చేశాయి. దాచుకోలేదు కూడా.

కొత్త చార్టులో ఆ చోట ఎర్ర సున్నా ఒకటి పడింది, పక్కవాటికన్నా కాస్త కిందుగా. వయసుకి ఈపాటి దిగడం మామూలేనని, అశ్రద్ధ చేయకుండా ఏటా వచ్చి చూపించుకోమని ఆ అమ్మాయి చెప్పింది. అత్తయ్య ఆ సున్నా మీద వేలు పెట్టి, గుచ్చుకుంటుందేమో అన్నంత నెమ్మదిగా నిమిరింది. "దిగింది గానీ, ఉంది" అంది.

వీధిలోకి వచ్చాక సంగీతం స్కూలు వైపు పదడుగులు వేసి టక్కున ఆగింది.

"సంచీ లేదే! ఉత్త చేతులతో వెళ్లి ఏం చేస్తాను?"

కారు వెనక తలుపు తెరిచాను. సంచీ అక్కడే ఉంది.

అత్తయ్య సంచీని చూసింది, నన్ను చూసింది. "పొద్దున్నే పెట్టావా? పరీక్షకి ముందే?"

"ముందే."

"చెవి నిజంగానే పోయిందని తేలి ఉంటే?"

"నీకు కనబడకుండా మళ్లీ మేడ మీదికి మోసుకెళ్లేదాన్ని."

"చాల్లే, మహా!" అంది, సంచీ భుజానికి తగిలించుకుంటూ. గొంతు అప్పుడు వణికింది.

స్కూల్లో పెద్ద గదిలోని పియానో ముందు కూర్చుని ఒక మెట్టు నొక్కింది. తీగకి కీ తగిలించి, వినడానికి తల వంచింది. కుడి చెవి వైపుకి వంచింది.