నీళ్లు లేని తునక

సుప్రియకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. తన చేతివల్ల భర్త రోగం తప్పుగా తేలుతుందేమో, తప్పు మందులు పడి నరేష్‌కుమార్ దక్కకుండా పోతాడేమో. తొమ్మిది రోజులుగా అదే ఆలోచన.

చేసిన పని చెప్పుకుంటే చాలా చిన్నది.

నరేష్‌కుమార్ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక చీరల దుకాణంలో సేల్స్‌మన్. ఎండాకాలం నుంచి తలనొప్పి అంటూనే ఉన్నాడు. ఒకరోజు గిరాకీకి వచ్చినామె ముందు చీర మడత విప్పుతూ విప్పుతూ పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకున్నాడు. ఎల్బీనగర్‌లో ఒక దవాఖానకు తీసుకుపోతే స్కానింగ్ తీసి మెదడులో గడ్డ ఉందన్నారు. ఆపరేషన్‌కు ముందు సౌజన్య అనే మేడమ్ ఒక కాగితం పట్టుకొని వచ్చింది. తీసిన గడ్డలో చిన్న తునక తమకు ఇస్తే, దాని మీద కంటికి కనపడని వెలుగు వేసి, లోపల ఏ సరుకు ఎంత ఉందో చదువుతామని, అది పరిశోధన కోసమని చెప్పింది. ఎనిమిదో తరగతితో బడి మానేసిన సుప్రియకు అందులో సగం అర్థమైంది. మిగతా సగానికి తలూపి సంతకం పెట్టింది.

ఆపరేషన్ అయిన మధ్యాహ్నం ఆయా పెంటమ్మ రెండు వస్తువులు తెచ్చి ఆమె చేతిలో పెట్టింది. ఒకటి మూత బిగించిన ప్లాస్టిక్ డబ్బా. అందులో మందునీళ్లలో మునిగి తునకలున్నాయి. రెండోది థర్మాకోల్ పెట్టె.

“డబ్బ దిల్‌సుఖ్‌నగర్ ల్యాబుల కింద ఇయ్యాలె బిడ్డా, బయాప్సీకి. గీ పెట్టె అదే బిల్డింగుల పైన సౌజన్య మేడమ్‌కు. ఆమెనే వచ్చి తీస్కపోవాలె గని ట్రాఫిక్‌ల ఇరికిందట. ఐసు అయిపోతే తునక ఖరాబైతదని నేనే ఇస్తున్న. జర పైలం. నేనిచ్చిన్నని ఎవ్వళ్లకు చెప్పకు.”

సుప్రియ అత్త రాజమ్మ పోచంపల్లి దిక్కు మనిషి. నలభై ఏండ్లు నూలుకు చిటికీలు కట్టింది. బొమ్మ రావాల్సిన చోట పోగుల్ని బిగించి కట్టి రంగులో ముంచే పని అది; అట్లా కట్టిన నూలు కట్టనూ చిటికీ అనే అంటారు. మెట్రో ఎక్కుదామంటే ఆమె ఒప్పుకోలేదు.

“మెట్రోల సంచులు మిషన్ల పెడ్తరే. లోపల ఏమున్నదంటే ఏం జెప్తవ్? మా ఆయన మెదడున్నదంటవా?”

ఆటో మాట్లాడుకున్నారు. మూడేళ్ల పాప సుప్రియ ఒడిలో, సంచి కాళ్ల మధ్య. కొత్తపేట దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. అప్పుడే పెట్టె సందులోంచి తెల్లగా పొగ రావడం మొదలైంది.

“అమ్మో, కాలుతున్నదా ఏంది?” అంటూ రాజమ్మ మూత ఎత్తింది. పొగలు కక్కే ఐసు ముక్కల నడుమ వేలెడంత సీసా. అందులో శనగగింజంత తునక. చుక్క నీళ్లు లేవు.

“దీన్ల మందునీళ్లు పోసుడు మర్చిపోయిన్రు,” అంది రాజమ్మ.

“గట్లనే ఇచ్చిన్రేమో అత్తమ్మా.”

“రెండు తునకలు ఒక్క మనిషివే గదనే? ఒక్క చీరకు రెండు చిటికీలు కట్టి, ఒకటి ముంచి ఒకటి ముంచకపోతే ఏమైతది? మగ్గం మీదికొచ్చినంక ఏడ్సి ఏం ఫాయిదా? కిందోళ్లు ఒక తీరు చెప్తరు, పైనోళ్లు ఒక తీరు చెప్తరు. డాక్టరు ఎవళ్ల మాట వినాలె?”

ఆ మాట సుప్రియకు సూటిగా తగిలింది. పెళ్లయిన కొత్తలో ఆమె కళ్లారా చూసింది. ఒక చిటికీని మరునాడు ముంచడంతో రంగు తేడా వచ్చి, అయిదు చీరల నూలు మూలకు పడింది. నూలుకే అట్లయితే మెదడుకు ఎట్లవుతుంది? ఇంకేం ఆలోచించలేదు. డబ్బా మూత తిప్పి, సీసాలోకి మందునీళ్లు ఒంపింది. ఘాటు కళ్లలో గుచ్చింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

“ఏం తెచ్చిన్రమ్మా బండ్ల? ఎలుకల మందా?” ఆటోవాలా ముక్కు మూసుకొని వెనక్కి తిరిగాడు.

“మెదడు మందు నాయినా. జర పీల్చు, నీకు గూడ మంచిదే,” అంది రాజమ్మ.

ల్యాబులో కింద చక్రపాణి అనే అతను డబ్బా తీసుకొని రసీదు ఇచ్చాడు. పైన సౌజన్య అప్పుడే ఎక్కడినుంచో రొప్పుతూ వచ్చి, పెట్టె అందుకొని, “హమ్మయ్య, చాలా థాంక్సండీ!” అని లోపలికి పరుగెత్తింది. తలుపు మూసుకునే లోపు ఆమె లోపలివాళ్లతో అంటున్న మాట సుప్రియ చెవిన పడింది. “త్వరగా ఫ్రీజర్లో పెట్టండి. దీనికి ఏ మందూ తగలకూడదు.”

మెట్ల మీద సుప్రియ కాళ్లు ఆగిపోయాయి. వెనక్కి పోయి చెప్పాలా? చెబితే ఏమంటారు? అసలు రోగం తేలేది ఏ తునకతో? కిందదానితోనా, పైదానితోనా? రెండిటితోనా? కింద అత్త తొందర పెడుతోంది. సుప్రియ దిగిపోయింది.

ఆ రోజు నుంచి ఆ ప్రశ్నలే. నరేష్‌కుమార్ కళ్లు తెరిచాడు. పాపను పేరు పెట్టి పిలిచాడు. కానీ ఆకుపచ్చ దుప్పటిని నీలం అన్నాడు. చీరల రంగులు చీకట్లో చెప్పగల మనిషి! అది రోగమా, ఆపరేషనా, తన పాపమా, సుప్రియకు అంతుపట్టలేదు.

మంగళవారం సౌజన్య ఫోన్ చేసింది. “ఒకసారి రాగలరాండీ? మీవారి శాంపిల్ గురించి చిన్న అనుమానం.” వస్తానంది, పోలేదు. బుధవారం మళ్లీ ఫోన్ వస్తే పాపకు జ్వరమని చెప్పింది. పాప పక్కనే గెంతుతోంది. గురువారం ఇక తప్పక పోయింది.

సౌజన్య కంప్యూటర్ మీద ఒక గీత చూపించింది. గీత గుట్టలుగుట్టలుగా లేస్తూ పడుతూ ఉంది.

“మామూలుగా తునకకు రంగు అద్ది మైక్రోస్కోపులో చూస్తారండీ. మేం రంగు వెయ్యం. కనపడని వెలుగు వేస్తాం. కొవ్వు ఒక రకం వెలుగును పీల్చుకుంటుంది, ప్రోటీను ఇంకో రకాన్ని. ఏది ఎంత పీల్చిందో ఈ గుట్టలు చెబుతాయి.”

“పట్టుపోగు కాల్చి చూసినట్టా మేడమ్? వెంట్రుకల వాసనొస్తే పట్టు, కాయితం వాసనొస్తే నూలు.”

“అచ్చం అంతే! పట్టు కూడా ప్రోటీనేనండీ.” సౌజన్య ముఖం వెలిగి, వెంటనే చిన్నబోయింది. “కానీ ఇది చూడండి. ప్రోటీను గుట్ట ఉండాల్సిన చోట లేదు, పక్కకు జరిగింది. ఎవరో ఇందులో మందునీళ్లు పోశారు. వార్డులో అడిగితే పెట్టె పెంటమ్మ అనే ఆయా చేతిమీదుగా వెళ్లిందన్నారు. మీకు ఇచ్చేటప్పటికే మూత తీసి ఉందాండీ?”

“తీసే ఉండె” అంటే సరిపోయేది. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. సుప్రియ వేరే ప్రశ్న అడిగింది.

“ఆయనకు మందులు దీన్ని చూసేనా మేడమ్ ఇచ్చేది?”

“అయ్యో, లేదండీ! వైద్యమంతా కింద బయాప్సీని బట్టే. ఇది మా చదువుకే. ఆ రిపోర్టు వచ్చిందిగా, గ్రేడు రెండని. చెప్పలేదా?”

“రెండంటే మంచిదా, చెడ్డదా?”

“అన్నిటికంటే చెడ్డది నాలుగండీ, దానికంటే చాలా నయం. మళ్లీ రాదని మాత్రం ఎవరూ చెప్పలేరు. డాక్టరుగారు వివరంగా చెబుతారు.”

సంతోషపడాలో ఏడవాలో సుప్రియకు తెలియలేదు. నయమే, కానీ రాదని చెప్పలేరు. తన తప్పు ఆయనకు తగల్లేదు, కానీ తప్పు తప్పే. అన్నీ ఒకేసారి మీదపడి, నోట్లోంచి మాట దానంతట అదే వచ్చింది.

“పోసింది నేనే మేడమ్. పెంటమ్మ కాదు.”

చిటికీల సంగతంతా చెప్పింది. వింటుంటే సౌజన్యకు నవ్వు వచ్చింది, వచ్చిన నవ్వు మధ్యలోనే పోయింది.

“ఆవిణ్ని నిన్న పనిలోంచి తీసేశారండీ. శాంపిల్ పాడైందని నేను దవాఖానకు పెట్టిన మెయిల్ చూసి.”

నిన్న. పాపకు జ్వరమని చెప్పిన రోజు.

సౌజన్య అక్కడే దవాఖాన సూపర్‌వైజర్ భానుమూర్తికి ఫోన్ కలిపి ఇచ్చింది. సుప్రియ తన నోటితోనే చెప్పింది.

“ఎవరు పోసినా పెట్టె బయటికిచ్చింది ఆమెనే గదమ్మా,” అన్నాడు భానుమూర్తి. “సరే, రమ్మనుండ్రి. మాట్లాడి మళ్ల పనిల పెట్టుకుంటం.”

రమ్మందామంటే పెంటమ్మ ఫోన్ కలవలేదు. ఆదివారం సుప్రియ పాపను అత్తకు అప్పజెప్పి, వార్డులో అడ్రసు అడిగి, బాలాపూర్‌లో పెంటమ్మ ఉండే చోటికి పోయింది. కిరాయి గదికి తాళం. పక్కింటామె, “చెల్లె ఇంటికి అల్మాస్‌గూడ పోయిందేమో. ఆమెకు షుగర్ గూడ ఉండె, గోలీలు తీస్కపోయిందో లేదో,” అంది. అల్మాస్‌గూడలో మూడు కాలనీలు తిరిగింది సుప్రియ. అన్నీ కొత్త ఇండ్లు. ఒకరి పేరు ఒకరికి తెలియదు. సోమవారం నుంచి నరేష్‌కుమార్‌ను రోజూ రేడియేషన్‌కు, అదే కరెంటు పెట్టించడానికి, తీసుకుపోవాలి, ఇక తిరిగే వీలు లేదు.

మీరెవరైనా అల్మాస్‌గూడ దిక్కున ఉంటే పెంటమ్మ గురించి ఒకసారి విచారించండి. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉంటుంది, ఎవరినైనా బిడ్డా అనే పిలుస్తుంది. కనబడితే తిన్నదా, గోలీలు వేసుకుంటున్నదా చూడండి. పోసింది సుప్రియేనని తేలిందని, భానుమూర్తి పనికి రమ్మన్నాడని చెప్పండి. ఇంట్లో పలకకపోతే ఇంకోసారి తలుపు కొట్టండి.