దిండ్ల కొట్టుకు దొరికిన మేలైన లింకు

దిండ్ల కొట్టు యజమానికి దిండ్ల మీదకన్నా వెబ్‌సైట్ మీద బెంగ ఎక్కువ. ఎవరైనా ఫోన్‌లో "మంచి దిండు" అని వెతికితే అతని కొట్టు ఏడో పేజీలో ఎక్కడో అడుగున కనిపించేది. అంతదాకా వెతికేవాడికి కావలసింది దిండు కాదు, డాక్టరు అనేది అతని భార్య.

వెబ్‌సైట్ పని ఆమె తమ్ముడిది. వేరే సైట్లు మన సైట్‌కు లింకు ఇస్తేనే పైకొస్తామని చెప్పి, ఎవరో చవగ్గా అమ్ముతుంటే గంపగుత్తగా కొనేశాడు. అన్నీ పేకాట సైట్లు, బట్టతల మందుల సైట్లు. అవి కొన్న లింకులని సెర్చ్ కంపెనీ పసిగట్టడంతో నెల తిరక్కుండా కొట్టు ఏడో పేజీలోంచి కూడా మాయమైంది.

"ఉన్నదీ ఊడగొట్టావు కదరా," అన్నాడు బావ.

"ఈసారి దొడ్డిదారి వద్దు బావా. పేరున్నవాళ్లనే అడుగుదాం."

అడగడమంటే అందరికీ ఒకే మెయిల్. "మీ వ్యాసం చదివి ఎంతో ఆనందించాను. ఇలాంటివి మరిన్ని రాయాలి. మా దిండ్లకు ఒక లింకు ఇస్తే మీ పాఠకులు హాయిగా నిద్రపోతారు." నిద్ర అన్న మాట కనిపించిన ప్రతి వ్యాసానికీ అది పంపాడు. ఒక్క వ్యాసమూ చదవలేదు.

వాటిలో ఒకటి రిటైరైన టీచరమ్మ రాసింది. ఆమెకు వేలమంది పాఠకులు. చివరి రోజుల్లో భర్త నిద్రపట్టక పడ్డ యాతన, ఆయన పోయాక ఆ మంచం మీద తనకు కన్ను మూతపడకపోవడం, అదీ ఆ వ్యాసం.

ఆమె ఆ మెయిల్‌ను ఉన్నదున్నట్టు తన సైట్‌లో పెట్టింది. "నా భర్త పోవడం వీరికి ఎంతో ఆనందం కలిగించిందట. మరిన్ని రాయమంటున్నారు. నాకున్నది ఒక్క భర్తే," అని కింద రాసి, కొట్టుకు లింకు ఇచ్చింది.

పత్రికలు అందుకున్నాయి. ప్రతి పత్రికా లింకు ఇచ్చింది. ఒక కాలేజీ దీన్ని సిగ్గుమాలిన వ్యాపారం అనే పాఠంలో చేర్చి మరీ ఇచ్చింది. చూస్తుండగానే కొట్టు మొదటి పేజీకి ఎక్కి కూర్చుంది.

"కాలేజీ కూడానా," అని బావ మురిసిపోయాడు. "ఇంకో పదిమందికి పంపు. ఈమధ్య ఎవరైనా పోయినవాళ్లుంటే చూసి పంపు."

బావమరిది తలెత్తలేదు. అక్క తన భర్త వైపు తిరిగింది. "వాడికెలాగూ బుద్ధి లేదు. మీకేమైంది?" అని, టీచరమ్మకు ఫోన్ కలిపి, స్పీకరు పెట్టి తమ్ముడి చేతికిచ్చింది.

"తప్పయిపోయిందండీ. చదవకుండా పంపాను."

"ఇప్పుడైనా చదివావా బాబూ?"

"చదివానండీ. మొత్తం."

"ఎలా ఉంది?"

బాగుందనబోయి అతను నాలిక కరుచుకున్నాడు.

"సరేలే, పెట్టిందంతా తీసేస్తాను," అందామె.

బావ ఫోన్ లాక్కున్నాడు. "అమ్మా, తిట్లు తీసేస్తే చాలండీ. లింకు మాత్రం ఉంచండి."

"అర్థమైందండీ," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

సాయంత్రానికి తిట్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. లింకు లేదు. అడుగున బావ అన్న మాట కూడా చేరింది. పత్రికలు ఆ మాటను అచ్చేసి, తామిచ్చిన లింకులు పీకేశాయి. కాలేజీ పాఠం కొంచెం పొడుగైంది.

"తిట్టుకుంటే తిట్టుకోనీ, లింకుకేం పోయేకాలం," అని బావ గింజుకున్నాడు. బావమరిది ఆ పనికి దణ్ణం పెట్టి, కొట్టు వెనక గదిలో దిండ్లకు గలీబులు తొడుగుతున్నాడు. మెయిళ్లు రాసేవాళ్లు కావాలని బావ బయట బోర్డు పెట్టాడు.