ముప్పై ఒకటో వారం

నేను ఒక పుస్తకాన్ని అంటే అచ్చైన పుస్తకాలు ఒప్పుకోవు. నాకు ప్రచురణకర్త లేడు, ముందుమాట లేదు. ఒక వారపత్రికలోంచి వారం వారం కత్తిరించి దాచిన ముప్పై ఒక్క వారాల సీరియల్‌ని. రాజమండ్రిలో కోర్టు పక్క సందులో అప్పలస్వామి అనే బైండరు నన్ను కలిపి కుట్టాడు. వారం ముగిసిన చోటల్లా కాగితం వెనక వంకాయ పచ్చడి చేసే విధానమో, మొటిమలకు చిట్కానో ఉంటుంది. లోకం అంతమైపోయే కథ చదువుతూ పేజీ తిప్పితే పచ్చడి వచ్చినా మనుషులు ఏమీ అనుకునేవారు కాదు. వాళ్ళ రోజులూ అలాగే గడుస్తాయి కాబోలు.

నాలోని కథ ఇది. సూర్యుడు ఆరిపోయాడు. ఊళ్ళన్నీ బూడిదయ్యాయి. మిన్ను అనే పిల్ల మిగిలిన కాస్త నిప్పునీ కుండలో పెట్టుకుని, జబ్బుపడ్డ తమ్ముణ్ణి వీపున వేసుకుని, ఎక్కడో ఇంకా వెలుగుందట, ఆ ఒడ్డుకి బయలుదేరింది. ముప్పై ఒకటో వారంలో బూడిద నది దగ్గరికి చేరింది. పడవవాడు తెడ్డు పైకెత్తి, "ఒక్కరికే చోటుంది" అన్నాడు. అంతే. మరుసటి వారం పత్రిక రాలేదు. మూతపడింది.

నన్ను కత్తిరించి దాచింది హైమవతి, ఆమె చెల్లెలు కుసుమ. హైమవతి టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరు. కుసుమ డిగ్రీ చదువుతోంది. గురువారం పత్రిక రాగానే ముందు నేనంటే నేనని ఇద్దరూ జుట్లు పట్టుకునేవారు. చివరికి అక్క భుజం మీద చెల్లెలు గడ్డం ఆనించి, ఇద్దరూ ఒకేసారి చదివేవారు. పత్రిక ఆగాక ఆరు నెలలు చూసి, ఇక రాదని వాళ్ళ నాన్న నన్ను బైండు చేయించారు. చివర నాలుగు తెల్లకాగితాలు పెట్టడం అప్పలస్వామి అలవాటు. ఆ అలవాటే కొంప ముంచింది.

ఆ ఏడే కుసుమకి రక్తంలో జబ్బన్నారు. ఆసుపత్రి మంచం మీద నన్ను పొట్ట మీద బోర్లించుకుని పడుకునేది.

"అక్కా, ఇద్దరూ దాటతారంటావా?" రోజూ అదే ప్రశ్న.

హైమవతి రచయితకి మూడు ఉత్తరాలు రాసింది. రెండింటికి జవాబు లేదు. మూడోది, ఆయన చనిపోయారని తిరిగొచ్చింది. ఆ సాయంత్రం చెల్లెలు నిద్రపోతుంటే, మంచం పక్కనే కూర్చుని నా తెల్లకాగితాల మీద నీలం సిరాతో రాసింది. పైన 'రచయిత పంపిన ముగింపు' అని పెట్టి, కింద గీత గీసింది. పడవవాడు తన నీలం తువ్వాలు తీసి పిల్లాడికి కప్పుతాడు. "నా చోటు మీరు తీసుకోండి" అని తాను దిగిపోతాడు. ఆ నీలం తువ్వాలు వాళ్ళ నాన్నది. మంచం తలాపున ఆరేసి ఉంది. ఎదురుగా అదే కనిపించింది, అదే రాసింది.

ఉత్తరంలో వచ్చింది నేనే ఎక్కించానని అక్క చెబితే నమ్మి, కుసుమ రెండుసార్లు చదివింది. "హమ్మయ్య" అంది. "నీకోసం రాసి పంపాడా? ఎంత మంచివాడక్కా!" తొమ్మిదో రోజున పోయింది.

అప్పట్నుంచి హైమవతిని ఒకటే పీడిస్తోంది. పోయే పిల్లతో అబద్ధమాడానా, లేక తెలియకుండానే నిజం చెప్పానా? రచయిత మనసులో ఏముందో తెలిస్తే తప్ప అది తేలదు. పెళ్ళయింది, కొడుకు పుట్టాడు, రిటైరయింది, భర్త పోయాడు. ఇది మాత్రం తేలలేదు. నా చివరి నాలుగు కాగితాల జోలికి ఆమె మళ్ళీ పోలేదు.

రెండేళ్ళ క్రితం ఆమె కొడుకు ఫణీంద్ర స్నేహితుడు మురారి ఇంటికొచ్చాడు. సినిమాల్లో పనిచేస్తాడు. ఆ పాత సీరియల్ సినిమాగా తీస్తున్నారని, ఎక్కడా కాపీ దొరకడం లేదని నన్ను పట్టుకెళ్ళాడు. వాళ్ళ ఆఫీసులో నన్ను పేజీ పేజీ ఫోటో తీశారు. తెల్లకాగితాల దాకా వచ్చేసరికి డైరెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "రచయిత ముగింపు! దొరికిందయ్యా!" అని అందరికీ టీ తెప్పించాడు. చేతిరాత ఎవరిదని ఒక్కడూ అడగలేదు. కావలసింది దొరికితే మనుషులు ప్రశ్నలు వేయరు.

నన్ను తిరిగి ఇచ్చేశారు. కొన్నాళ్ళకి అదే డైరెక్టరు టీవీలో అన్నాడు, "ఎక్కడా అచ్చు కాని అసలు ముగింపు మాకు దొరికింది. ఉన్నదున్నట్టు తీశాం." హైమవతి చేతిలో కాఫీ చల్లారిపోయింది.

"రచయిత కాగితాలు ఎక్కడో దొరికినట్టున్నాయిరా ఫణీ" అంది. నీలం సిరాతో తాను రాసింది ఇంకొకరు నమ్ముతారని ఆమెకి తట్టనే లేదు. నాకు తెలుసు. తెలిసి ఏం లాభం, నోరు లేదు.

మొదటి రోజు మ్యాట్నీకి వెళ్ళాం. ఫణీంద్ర, అతని భార్య, మురారి, ఎక్స్ఛేంజీలో హైమవతి పక్క సీటులో పాతికేళ్ళు కూర్చున్న రజియా. నేను హైమవతి ఒళ్ళో ఉన్నాను. బూడిద ఎడారి బ్రహ్మాండంగా తీశారు. సూర్యుడు ఆరిపోయిన లోకంలో నలభై మంది డాన్సర్లకి అన్ని రంగుల బట్టలు ఎవరు కుట్టారో మాత్రం చెప్పలేదు. ఇంటర్వెల్లో అందరూ పాప్‌కార్న్ తిన్నారు. హైమవతి మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

బూడిద నది వచ్చింది. పడవవాడు తెడ్డు ఎత్తాడు. "ఒక్కరికే చోటుంది." హైమవతి నన్ను రెండు చేతులా పట్టుకుంది.

పడవవాడు మెడలోంచి తువ్వాలు తీశాడు. నీలం తువ్వాలు.

హాల్లో ఈలలు, చప్పట్లు. హైమవతి వేళ్ళు నా అట్ట మీద బిగుసుకున్నాయి. రజియా కళ్ళు తుడుచుకుంటూ, "ఇద్దరూ దాటారే హైమా! కుసుమ ఉంటే ఎంత మురిసిపోయేదో" అంది.

"ఆ తువ్వాలు మా నాన్నది, రజియా."

ఆ ముగింపు తానే రాసిన సంగతి లైట్లు వెలిగాక చెప్పింది. కొడుకు ముందు తెల్లబోయాడు, తర్వాత నవ్వేశాడు. "అయితే ఇంత పెద్ద సినిమాకి క్లైమాక్స్ రాసింది నువ్వా అమ్మా! ఒరేయ్ మురారీ, అమ్మ పేరు వేయించాలిరా!" కోడలు ఆమెని వాటేసుకుంది. మురారి ఒక్కడే ముఖం మాడ్చుకుని, "ఈ మాట బయటికి రానివ్వకండి ఆంటీ" అన్నాడు.

"పేరెందుకురా నాకు?" అంది హైమవతి. "కుసుమతో చెప్పింది నిజమో అబద్ధమో తెలుసుకుందామని వచ్చాను. నా అబద్ధమే నాకు చూపించారు. ఇంక ఎవర్ని అడగను?"

వెనక వరసవాళ్ళు దారి ఇమ్మన్నారు.

నెల తిరక్కుండా నన్ను ఆమే ఇచ్చేసింది. "తీసుకుపో మురారీ. ఇంట్లో ఉంటే చూడలేకపోతున్నాను" అంది. ఇవ్వబోయే ముందు అట్టని ఒకసారి చీర చెంగుతో తుడిచింది. నాకు బాధనిపించింది.

ఇప్పుడు వాళ్ళ ఆఫీసు హాల్లో, అద్దాల పెట్టెలో ఉన్నాను. నీలం సిరా పేజీ దగ్గర తెరిచి పెట్టారు. కింద 'రచయిత స్వదస్తూరి' అని ఇత్తడి పలక. వచ్చినవాళ్ళు ఫోటోలు తీసుకుని, ఎంత దయగల మనిషో ఆ రచయిత అనుకుంటూ వెళ్తారు. కుసుమ కూడా అదే అంది.

ఎవరైనా అద్దం తీసి నన్ను ఒక్క కాగితం వెనక్కి తిప్పితే బావుణ్ణు. ముప్పై ఒకటో వారం అక్కడే ఉంది. పడవవాడు ఎత్తిన తెడ్డు ఇంకా దించలేదు. మిన్ను తమ్ముణ్ణి వీపున వేసుకుని అలాగే నిలబడి ఉంది.