బౌషర్‌లో మంచు బస్టాపు

మంగళవారం పొద్దున ఎప్పట్లాగే టిఫిన్ డబ్బా సర్దుకుని, డ్యూటీకి టైమవుతోందని సుగుణ హడావిడిగా కిందికి దిగింది. పార్కింగులో ఆవిడ కారు పక్కన ఒక బస్టాపు ఉంది. ఎడారి ఊరు బౌషర్ ఎండలో దాని కప్పు మీద ఇంతెత్తు మంచు. బెంచీ మీద ఉన్నికోటు వేసుకున్న ముసలావిడ.

బిల్డింగులో ఎవరూ వింతగా చూడలేదు. వాచ్‌మన్ రెండు కార్లు పక్కకి పెట్టించాడు, అంతే. కింది ఫ్లాటు నర్సు మెర్లిన్ అయితే సీబ్ మార్కెట్టు నుంచి తెచ్చిన చేపల్ని శుభ్రంగా ఆ మంచులోనే పెట్టుకుంది.

సుగుణ మాత్రం బోర్డు మీద స్టాపు పేరు చదివి, కారెక్కకుండా ఆగిపోయింది. నిన్నగాక మొన్న ఆ స్టాపుని మ్యాపులోంచి తీసేసింది తనే మరి.

ఆవిడ ఒక కన్సల్టెన్సీలో ట్రాఫిక్ ప్లానింగ్ ఇంజనీరు. ఎక్కడో ఉత్తరాన, సగం ఏడాది మంచులో ఉండే ఊరికి బస్సుల ప్లాను వేస్తోంది. బస్సులు తొందరగా పోవాలంటే స్టాపులు తగ్గించాలి. ముసలివాళ్ళు పక్క స్టాపుదాకా నడవగలరా? చూద్దామని, మనవాళ్ళంతా సాయంత్రం వాకింగ్ చేసే మాల్‌లో, ఏసీలో, నున్నటి నేల మీద అత్తగారిని నడిపించింది. ఆవిడ హాయిగా నడిచి, ఐస్‌క్రీం కూడా తింది. ఇంకేం, ముసలివాళ్ళు నడవగలరని ప్లానులో రాసి పారేసింది సుగుణ మహాతల్లి!

"అక్కా, మామ్మగారి చెయ్యి చూశావా? అన్నీ డయాలిసిస్ సూదుల గుర్తులే. వాళ్ళ ఊరి ఆస్పత్రికే వెళ్ళాలంట, ఆ బస్సు రావట్లేదంట," అంది మెర్లిన్.

"రాదు మెర్లిన్. నేనే ఆపేశాను."

"అయితే నువ్వే రప్పించు. కాళ్ళు అప్పుడే నీరుపట్టాయి. ఇలాగే కూర్చుంటే మనిషి దక్కదు."

ముసలావిడ సుగుణని చూసి, బెంచీ మీద కాస్త జరిగి చోటిచ్చింది. తిట్టినా బాగుండేది. సుగుణకి సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

మధ్యాహ్నమే ఆ మంచు ఊరి కౌన్సిల్ ప్లానుకి ఓటెయ్యాలి. ప్లాను తప్పని సుగుణ ఆఫీసులో చెబితే, బాస్ ఉమైమా మేడమ్ విని, నెత్తి కొట్టుకుంది.

"ఇప్పుడా చెప్పేది? ప్లాను మీద నీ పేరే ఉంది, సుగుణా."

"అందుకే చెప్తున్నా మేడమ్."

కౌన్సిల్‌తో వీడియో కాల్‌లో సుగుణ మాల్ సంగతి దాచకుండా చెప్పేసింది. ఒకాయన పకపకా నవ్వాడు, మిగతావాళ్ళు నవ్వలేదు. మామ్మగారి స్టాపు తిరిగి పెట్టారు. తీసేసిన మిగతా స్టాపుల మాట ఎత్తడానికి మాత్రం ఆవిడకి నోరు రాలేదు. ఒక్క రోజుకి ఈ పరువు తక్కువ చాలనుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పార్కింగులోకి బస్సొచ్చింది. మెర్లిన్ రెక్క పట్టుకుని ఎక్కిస్తే, ముసలావిడ వెళ్ళిపోయింది. సుగుణ అక్కడే మెట్ల మీద కూలబడి, హమ్మయ్య అనుకుంటూ ఏడ్చింది.

మర్నాడు కాలింగ్ బెల్ మోగింది. మెర్లిన్.

"అక్కా, ఇంకా వచ్చారు."

గేటుదాకా వరసగా బస్టాపులు. మొదటిదాంట్లో ఒక నిండుచూలాలు చేతులు నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటోంది. సుగుణ నైటీ మీద చున్నీ వేసుకుని దిగింది. వెళ్ళి ఆ పిల్ల పక్కన, మంచు తడి మీదే కూర్చుంది.

"నువ్వెక్కడికెళ్ళాలమ్మా?" అని అడిగింది.