వీపు తిప్పి కూర్చున్న పిల్ల

"సోమవారం సెలవు పెట్టుమంటే గంటసేపటి సంది గిదే పంచాదా?" ముందుగదిలోంచి అంటున్నాడు భర్త రాజశేఖర్. ఆ రోజు అతని చెల్లెలి అత్తగారి వాళ్లు పదిహేను మంది భోజనానికి వస్తున్నారు. ఆఫీసులో పని పడేటట్టుందని, వంటింట్లో జొన్నరొట్టె తడుతూ మూడోసారి చెప్పింది సుకన్య.

"ఏం పని? తల్లీ పిల్లా కూసుంటె ఎదురుంగ కుర్చేసుకొని చూసుడే గద! గంతకన్న పెద్ద పని మా అవ్వ గడపల కూసొని చేస్తది."

అందరూ నవ్వారు, అత్త వెంకటవ్వతో సహా. పెనం మీద రొట్టె మాడింది.

నిజామాబాద్‌లో పిల్లల సంరక్షణ ఆఫీసులో సుకన్యది కాంట్రాక్టు ఉద్యోగం. పెంపుడు ఇళ్లల్లో ఉంచిన పిల్లల్ని చూడటానికి కన్నవాళ్లు వస్తే, పక్కన కూర్చుని చూసింది రాయాలి. బోధన్ దగ్గరి గంగమణి చెరుకు కోతకు పోతూ ఆరేళ్ల అంకితను గుడిసెలో ఒంటరిగా వదిలిందని, పిల్లను తెచ్చి ఆర్మూర్‌లో ఒక ఇంట్లో ఉంచారు. నెలకు రెండు శనివారాలు గంగమణి బస్సెక్కి వచ్చేది. మాట్లాడేది కాదు. పిల్లను మోకాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని జడలు విప్పి, పేలు చూసి, నూనె రాసి, గోళ్లు తీసి, గంట కాగానే లేచిపోయేది. సుకన్య రాసింది: తల్లి మాట్లాడలేదు, ఆడించలేదు. బిడ్డ తల్లికి వీపు తిప్పి కూర్చుంది. ఆ రాత చూసే, పిల్లను తల్లికివ్వాలో వద్దో సోమవారం కమిటీ తేలుస్తుంది.

ఇవాళ పొద్దున గంగమణి చేతులు ఒళ్లో పెట్టుకుని, చుట్టపుచూపుగా వచ్చినదానిలా పిల్లకు ఎదురుగా కూర్చుంది. "బువ్వ తిన్నవా? బడికి పోతున్నవా?" అని ఆగిపోయింది. తర్వాత సుకన్య వైపు తిరిగింది.

"మేడం, నేను మాట్లాడతలేనని రాసిండ్రట గద, ఆఫీసుల సదివి ఇనిపిచ్చిండ్రు. ఏం మాట్లాడాలె? జర కాయితం మీద రాసియ్యుండ్రి. పక్కింటి పిల్లతోని సదివిచ్చుకొని నేర్సుకొనొస్త."

అంకిత లేచి వచ్చి, తల్లి మోకాళ్ల మధ్య ఇరుక్కుని, వీపు తిప్పి, తన రిబ్బన్ తానే లాగేసింది. గంగమణి వేళ్లు జుట్టు దాకా వెళ్లి, సుకన్య చేతిలో పెన్ను చూసి ఆగిపోయాయి.

అప్పటి నుంచి సుకన్యకు ఒకచోట కాలు నిలవడం లేదు. పదిహేనేళ్లుగా ఈ ఇంట్లో తను తట్టిన రొట్టెలు, ఉతికిన బట్టలు, ఇంటివాళ్లు దవాఖానలో పడితే మంచాల కింద ఎత్తిన గిన్నెలు. ఎవరైనా కుర్చీ వేసుకుని చూస్తే ఏం రాస్తారు? కోడలు ముభావంగా ఉంటుంది, ఎవరితోనూ కలవదు. అత్త చుట్టాలకు చెప్పేదీ అదే కదా. అవే కళ్లతో తను ఇంకో ఆడదాన్ని చూసింది.

స్టవ్ ఆపి ముందుగదిలోకి వచ్చింది. అందరూ అక్కడే ఉన్నారు.

"సోమవారం నేను ఇంట్ల ఉండ. కమిటీ ముందల నా రాత తప్పని చెప్తున్న."

"మరి పదిహేను మందికి వంటెవలు చేస్తరే?" అంది వెంకటవ్వ.

"పిలిచినోళ్లు చేస్తరు, అత్తమ్మా."

రాజశేఖర్ లేచి నిలబడ్డాడు. "పిచ్చి లేసిందా? నీ తప్పు నువ్వే ఒప్పుకుంటె నౌకరి ఉంటదా?"

"నాకు పోతె నౌకరి పోతది," అంది సుకన్య, గొంతు పెంచకుండానే. "ఆమెకు బిడ్డ పోతది."