గంజి కుండ కింద వీణ

గుడియాత్తంలో తమ్ముడు శివలింగం ఇంటి నేతగది గడప దగ్గరే మోహన ఆగిపోయింది. మగ్గానికి అవతల, మూలన, ఆమె స్పీకర్లు రెండూ నిలబడి ఉన్నాయి. నడుమెత్తు టేకు పెట్టెలు. ఒకదాని మీద నూలు కండెల బుట్ట, రెండోదాని మీద గంజి కుండ. కుండ కింద ఎండిన తెల్లటి వలయాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, నున్నటి టేకు మీద బొల్లిమచ్చల్లా కనిపించాయి.

అవి ఎవరివన్న విషయంలో సందేహానికి తావు లేదు. వేలూరు కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పడానికి చేరిన కొత్తలో, తోటి లెక్చరర్లు గాజులు చేయించుకుంటున్న రోజుల్లో, ఆమె మద్రాసు దాకా వెళ్లి వాటిని కొనుక్కుంది. తమ్ముడి పెళ్లిలో మైకుసెట్టు గొట్టాల రొద భరించలేక, ఒక్క రోజుకని ఇచ్చింది. ఆ ఒక్క రోజు నలభై ఏళ్లు సాగింది. ఇమ్మని అడిగినప్పుడల్లా శివలింగం చెప్పిన జవాబు ఒక్కటే: అంతంత పెట్టెలను కండక్టరు బస్సు ఎక్కనివ్వడు. పెళ్లిలో పాట విన్న బంధువులు వాటిని ‘శివలింగం పెట్టెలు’ అన్నారు. వాళ్ల పిల్లలూ అదే అన్నారు. పెళ్లి చేసుకోని ఆడమనిషికి పాటల పెట్టెలెందుకని ఎవరూ పైకి అనలేదు; అనుకోనివాళ్లూ లేరు. వస్తువు పోయినందుకు మోహన బాధపడింది. వస్తువుతో పాటు పేరు కూడా పోయినందుకు మాత్రం ఆమె ఎవరినీ క్షమించలేదు.

కుండ తియ్యమని తమ్ముడితో చెప్పింది.

“అవి చచ్చిపోయి శానా దినాలయినాది అక్కా,” అన్నాడు శివలింగం. “ముందరి గుడ్డంతా ఎలుకలు కొట్టేసినాయి. తీసుకోని పోయి ఏం జేస్తావు?”

“వింటాను.”

“అవి పాడినాయంటే నేను పేరు మార్చుకుంటా.”

“నీ పేరుతో నాకేం పని? గంగమ్మ సిరసు పండుగకు చుట్టాలంతా వస్తారు గదా. అవి పాడితే, ఎవరివో వాళ్ల ముందర నీ నోటితో నువ్వే చెప్పు. అంతే.”

శివలింగం నవ్వేసి సరేనన్నాడు. అతని భార్య వెంకటమ్మ మాత్రం నవ్వలేదు. గంజి కుండకు ఇక వేరే పీట చూసుకోవాలని, వదిన పట్టు పడితే విడవదని అంటూ, ఆ క్షణానే కుండ దించేసింది.

సామాన్ల ఆటోలో పెట్టెలు లత్తేరి, కాట్పాడి దాటి వేలూరు సత్తువాచారిలోని మోహన ఇంటికి చేరాయి. ఆమె వాటిని హాల్లో వెల్లకిలా పడుకోబెట్టి, మరలు విప్పి, లోపలి స్థితిని ఎలాంటి భ్రమలూ పెట్టుకోకుండా పరిశీలించింది. పెద్ద స్పీకరు కాగితపు గిన్నె చుట్టూ ఉండే నురగ పట్టీ, వేలు తగిలితే చాలు, జిగట పొడిగా రాలిపోయింది. కండెన్సర్లు ఎండిపోయాయి. ఒక పెట్టెలో ఎలుక సంసారం చేసి ఖాళీ చేసిన ఆనవాళ్లున్నాయి. కానీ కాగితపు గిన్నెలు చెక్కు చెదరలేదు. తీగచుట్టలు తెగలేదు. ఇన్నేళ్లలో మొదటిసారి ఆమెకు ఒంటరిగా, బిగ్గరగా నవ్వు వచ్చింది.

నురగ పట్టీల బదులు తోలు వాడాలని నిశ్చయించుకుంది. చుట్టూ ఇన్ని తోలు కార్ఖానాలున్న జిల్లాలో ఉంటూ, నాలుగేళ్లకే కుళ్లిపోయే నురగను ఎక్కడి నుంచో తెప్పించుకోవడం ఆమె దృష్టిలో బుద్ధిహీనత. పేర్నంబట్టులో చేతితొడుగులకు వాడే గొర్రెతోలును, ఉల్లిపొరంత పలుచనిది, ఏరుకుని తెచ్చింది. వలయాలుగా కత్తిరించి, అంచు పలచన చేసి, బంకతో అతికించింది. కండెన్సర్లు మార్చింది. తీగల కొసలకు చిన్న బ్యాటరీ తాకించి, రెండు పెట్టెల్లోనూ గిన్నెలు ఒకే వైపుకు కదులుతున్నాయని నిర్ధారించుకుంది. గంజి వలయాలను తడిగుడ్డతో నానబెట్టి, రుద్ది, టేకుకు నూనె పట్టించింది. చేతులు వాసనేసినా, నడుము పట్టేసినా ఆమె ముఖంలో వెలుగు తగ్గలేదు. కూరగాయలు అమ్మే ఆమె కూడా, పెళ్లి గిళ్లి కుదిరిందా మేడం అని అడిగి, తగిన చూపు అందుకుని వెళ్లింది.

పని ముగిసిన సాయంత్రం తన పాత వీణ రికార్డు పెట్టింది. మోహన ఎదురుచూసింది రాగం కోసం కాదు. తీగ మోగే ముందు గోరు దాన్ని తాకే చిన్న చప్పుడు ఒకటి ఉంటుంది. అది వినబడితే వాయించే మనిషి గదిలో ఉన్నట్టు. వినబడకపోతే వీణ ఫొటో చూస్తున్నట్టు. ఆ చప్పుడు వినబడింది. ఆమె కుర్చీలో వెనక్కి వాలి, కాళ్లు చాపుకుని, రికార్డు రెండు వైపులా మళ్లీ మళ్లీ వింది.

ముందరి చట్రాలకు గుడ్డ ఒక్కటే మిగిలింది. దాన్ని తమ్ముడి మగ్గం మీదనే నేయించాలనుకుంది. కోపం వేరు, నేత వేరు. ఆ ఇంట్లో కొత్త వస్తువు ఏది మొదలైనా సొంత మగ్గం గుడ్డ కప్పడం నాయన కాలం నుంచీ ఆనవాయితీ. పలచటి తుండుగుడ్డలా, పోగుకూ పోగుకూ సందుండేలా నెయ్యమని ఫోనులో చెప్పింది. అంతకన్నా ఏమీ చెప్పలేదు. తప్పు అక్కడే జరిగింది.

గంగమ్మ తలను ఊరేగించే సిరసు పండుగ ముగిసిన మరునాడు, వీధి మైకులు మూగవోయిన ఉదయాన, చుట్టాలంతా ఇంకా ఇంట్లోనే ఉండగా మోహన పెట్టెలతో, రికార్డు ప్లేయరుతో దిగింది. శివలింగం మడత పెట్టిన ఎర్రంచు గుడ్డ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అతను దాన్ని మనసుపెట్టి నేశాడని పట్టుకోగానే తెలిసింది. చట్రాలకు బిగిస్తే ఎక్కడా ముడత పడలేదు. వేలితో తడితే టకటకమంది. బాగుందని అంది. అక్క నోట ఆ మాట విని శివలింగం ముఖం చేటంతయింది.

నడవలో అందరూ కూర్చున్నారు. రికార్డు తిరిగింది. వీణ మోగింది, కానీ పక్కింట్లో, కంబళి కప్పుకుని మోగినట్టు మోగింది. గోటి చప్పుడు లేదు.

పెద్దత్త కన్నియమ్మ కాసేపు ఓపికగా విని, శివలింగం పెట్టెలు పెళ్లప్పుడు ఎంత బాగా పాడినాయో, పాపం వాటికీ వయసయిపోయినాదని జాలిపడింది. ఎవరో కిసుక్కుమన్నారు. శివలింగం గోడకు ఆనుకుని, చాలా హాయిగా కూర్చున్నాడు.

మోహన ముఖం మారలేదు. సత్తువాచారిలో వినబడినది ఇక్కడ వినబడటం లేదు. తోలు అదే, తీగలు అవే, రికార్డు అదే. కొత్తగా వచ్చినది ఒక్కటే. ఆమె లేచి ఒక చట్రం ఊడదీసింది. వెంటనే ఆ పక్కన గోరు తీగను తాకింది. కిసుక్కుమన్నవాళ్లు మెడలు సాచారు.

చట్రం పట్టుకుని ఆమె లోపలి దేవుడి మూల దగ్గరికి వెళ్లింది; శివలింగం వెనకే వెళ్లాడు. అగరొత్తి పొగకు ఇవతల గుడ్డను అడ్డం పెట్టి, బుగ్గలు పూరించి గట్టిగా ఊదింది. పొగ కదలలేదు. నిటారుగా పైకే పోయింది.

“శివలింగం, దీనికి గంజి పెట్టినావా?”

“పెట్టకుండా గుడ్డ ఎట్ల ఇస్తాను?” అతను నిజంగానే నొచ్చుకున్నాడు. “నీ పెట్టెలకు గదా అని రెండు తూర్లు పెట్టినా. రేకు మాదిరి నిలబడల్లని.”

నీ పెట్టెలకు. ఆ మాట తాను అన్నట్టు అతనికి తెలియలేదు. మోహన ఒక్కతే గమనించింది; కానీ నడవ దాకా వినబడని మాటను ఆమె లెక్కలోకి తీసుకోలేదు.

ఆ ఇంట్లో పుట్టి, ఆ గంజి వాసనలోనే అక్షరాలు దిద్దుకుని కూడా, గంజి వద్దని చెప్పాలని ఆమెకు తట్టలేదు. చేపకు నీళ్ల సంగతి తట్టనట్టే. పోగుల మధ్య సందులన్నీ పొర కట్టి మూసుకుపోయాయి. రెండో చట్రం కూడా పీకేసి, గుడ్డలు పక్కన పడేసి, పెట్టెలను వట్టి ముఖాలతోనే పాడిస్తే గెలుపు ఆమెదే. తమ్ముడు ఆ గుడ్డనే చూస్తున్నాడు. ఈ వయసులో, ఆపరేషనయిన కళ్లతో, ఆమె కోసం నేసిన గుడ్డ అది. ఆమె చట్రాన్ని అతనికి అందించింది.

“గుడ్డ మంచిది. గంజి కడిగేసుకోని రా.”

బతుకంతా తన గంజి పదునును ఊరంతా మెచ్చుకోగా విన్న మనిషి రెండు చట్రాల గుడ్డా ఊడదీశాడు. తరువాత లుంగీ ఎగగట్టి పెరట్లోకి నడిచాడు. వెంకటమ్మ చెయ్యి వెయ్యబోతే వద్దన్నాడు. కొళాయి కింద కూర్చుని తన గంజిని తనే పిండాడు. తెల్లటి నీళ్లు కాలువ కట్టి జామచెట్టు మొదలుకు పారాయి. ప్రేమ ఎంత దట్టంగా పట్టిందో ఆ నీళ్లను బట్టి తెలుస్తోందని వెంకటమ్మ అంటే, చుట్టాలంతా పెరటి గుమ్మంలో గుమిగూడి నవ్వారు. అతనూ నవ్వాడు. తడిగుడ్డనే అక్కాతమ్ముళ్లు చెరో అంచు పట్టి లాగి చట్రాలకు బిగించారు. వైశాఖపు ఎండలో భోజనాలు ముగిసే లోపలే అది ఆరిపోయింది.

మోహన మళ్లీ అగరొత్తి దగ్గర ఊదింది. పొగ వంగి దేవుడి పటాల మీదికి పారిపోయింది.

అందరూ మళ్లీ నడవలో కూర్చున్నాక రికార్డు రెండోసారి తిరిగింది. గోరు తీగను తాకింది, తీగ మోగింది, ఎర్రంచు గుడ్డ వెనక నుంచి వీణ మనిషంత ఎత్తున లేచి అందరి మధ్యకు వచ్చి కూర్చుంది. కన్నియమ్మ తల ఊపుతూ, చేత్తో తొడ మీద తాళం వేస్తూ, నీ పెట్టెలు మళ్లీ గొంతు తెచ్చుకున్నాయి కదరా శివలింగం అంది.

శివలింగం చేతులను గంజి వాసన ఇంకా వదల్లేదు. వాటిని లుంగీకి తుడుచుకున్నాడు.

“నావి కాదత్తా,” అన్నాడు, నడవ కొసదాకా వినబడేటట్టు. “ఎప్పుడూ నావి కాదు. అక్కవి. నేను గంజి కుండకు పీట లేక పెట్టుకోనుండినా.”

నవ్వులతో నడవ అదిరింది. మోహన నవ్వలేదు. రికార్డు ముల్లు ఎత్తి, మళ్లీ మొదటి నుంచి పెట్టడానికి అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువ సేపు వంగి ఉంది.

సాయంత్రం ఆటోకు పెట్టెలు ఎక్కిస్తుంటే శివలింగం తల గోక్కుంటూ వచ్చి, ఒక్క రోజుంచి పోకూడదా అక్కా అని అడిగాడు.

“ఒక్క రోజు ఎంతో నాకు తెలుసు,” అంది మోహన. “వినాలంటే నువ్వే సత్తువాచారికి రా. మనుషులను కండక్టరు ఎక్కనిస్తాడు.”

ఆదివారం మొదటి బస్సుకే అతను దిగాడు. చేతిలో ఇంకో జత గుడ్డ ఉంది, గంజి లేనిది.