మధ్యలో ఒక మంచి రోజు

పత్తర్‌గట్టిలో మూసిన షట్టర్ల ముందు చెత్తను కుప్పచేసి, చంద్రమ్మ చీపురు మొదలును నేలకేసి రెండుసార్లు కొట్టింది. పుల్లలు బిగిశాయి. చీరమీద నారింజరంగు కోటు, కణుపుల దగ్గర వాచిన వేళ్లు. ఇరవై రెండేళ్లుగా ఆమెకు ఈ వీధిలోనే తెల్లవారుతోంది.

ఫోను మోగింది. పక్కింటి నాగమణమ్మ.

"మీ తమ్ముడు లోపల గొళ్లెం పెట్టుకున్నడు. నువ్వు గోలీలల్ల విషం కలిపినవంటున్నడు. గాలి సోకినట్టుంది, తాయెత్తు కట్టియ్యాలె."

చంద్రమ్మ కోటు విప్పకుండానే ఇంటిదారి పట్టింది. తమ్ముడు అమరనాథ్‌కు పన్నెండో ఏట మూర్ఛ మొదలైంది. ఇప్పుడు నలభై నాలుగు. అమ్మ పోయాక వాణ్ణి చూసుకుంటూ ఆమె పెళ్లి మాటే ఎత్తలేదు. ఆదివారం వాడికి ఒకదాని వెంట ఒకటి నాలుగుసార్లు ఫిట్స్ వచ్చాయి. సోమవారం నవ్వుతూ పప్పన్నం తిన్నాడు. నిన్న కంటిమీద కునుకు లేకుండా గోడలకేసి చూశాడు. నిరుడూ ఇదే వరస. అప్పుడు అందరూ పిచ్చన్నారు. ఆమే గదికి తాళం వేసింది. వారం రోజులు.

కిటికీ దగ్గర నిలబడి పిలిచింది.

"తమ్మీ, నేను."

"నువ్వు మా అక్కవు కాదు. అక్క లెక్క యేషం కట్టినవ్."

ఆమె వాదించలేదు. "సరే. మరి ఎవల్ని నమ్ముతవ్?"

లోపల్నుంచి జవాబొచ్చింది. "వెస్లీని."

ఆటో నడిపే వెస్లీ వచ్చి పిలిస్తే గొళ్లెం తీశాడు. ఆమె ముందు, వెస్లీ పక్కన, తనకు కనబడేలా కూర్చుంటేనే ఎక్కుతానన్నాడు. అలాగే కూర్చుంది.

ఆసుపత్రిలో చంద్రమ్మ జరిగినదంతా వరసగా చెప్పింది. డాక్టరమ్మ రాయడం ఆపి తలెత్తింది.

"మధ్యల ఒక దినం మంచిగున్నడా?"

"మస్తు మంచిగున్నడమ్మా."

"గాలి గిట్ల ఏం లేదు. వరసగ ఫిట్స్ వచ్చినంక కొందరికి ఇట్లయితది. కొన్ని రోజులు వేరే మందు ఇస్తం, తగ్గుతది. ఫిట్స్ గోలీలు మాత్రం ఆపొద్దు. నిరుడు ఎవరికి చూపించిన్రు?"

"ఎవలకు లేదు. తాళమేసిన."

డాక్టరమ్మ మళ్లీ రాయడం మొదలుపెట్టింది. "ఈసారి తొందరగ తెచ్చినవ్ గదా," అంది.

వాణ్ణి చేర్చుకున్నారు. మగవాళ్ల వార్డు, ఆడవాళ్లను ఉండనివ్వరు. వెస్లీ తోడున్నాడు. లోపలికి వెళ్తూ అమరనాథ్ వెనక్కి తిరిగి చూడలేదు.

సాయంత్రం ఇంటికొచ్చి, గడప దగ్గర డ్యూటీ బూట్లు విప్పి, చంద్రమ్మ తన చెప్పుల కోసం వెతికింది. లేవు. పొద్దున హడావుడిలో తమ్ముడు వేసుకుపోయినవి అవే. వాడి పెద్ద తోలుచెప్పులు, బొటనవేలి దగ్గర నల్లగా అరిగి, గోడవారగా జతగా ఉన్నాయి.